ఈమెయిల్ యుద్ధక్రీడలను పందెపు ఆటల గాటన కట్టవద్దు

సంపాదకులకు,

సెలవులు రాగానే ఫోన్‌లో ఆటలు పిల్లల్ని పాడు చేస్తున్నాయంటూ ఉత్తరాలు వస్తుంటాయి. వాటిలో చాలావరకు నిజమే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించి మంచి పని చేసింది. అయితే రమ్మీ యాప్‌లను తిట్టే ఊపులో, మెయిల్ మీద వంతులవారీగా ఆడే యుద్ధవ్యూహాల ఆటలను కూడా అదే గాటన కట్టేస్తున్నారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల తల్లిదండ్రులు, కాలేజీ అధ్యాపకులు ఆ తేడా తెలుసుకోవాలని ఈ ఉత్తరం.

ఈ ఆటలో పందెం లేదు, తొందర లేదు. ఒకరు తమ వంతు ఆడి ఫైలు పంపుతారు. అవతలివారు రేపో ఎల్లుండో దాన్ని తెరిచి, ఏం జరిగిందో చూసి, తమ వంతు ఆడి తిప్పి పంపుతారు. రోజుకు అరగంట చాలు. ఇద్దరూ ఒకే వేళకు కూర్చోనక్కర్లేదు. అందుకే షిఫ్టు డ్యూటీల వాళ్లకు, ఓడల మీద పనిచేసేవాళ్లకు, సరిహద్దులో ఉన్న జవాన్లకు ఇది బాగా కుదురుతుంది. మన రెండు జిల్లాల్లో అలాంటివారు లేని ఊరు అరుదు.

ఇది నిన్నమొన్నటి వేలంవెర్రి కూడా కాదు. డిప్లొమసీ అనే బల్లమీది ఆట 1959లో వచ్చింది. 1963 నుంచే దాన్ని పోస్టులో ఆడేవారు. అందులో పాచికలు లేవు గనుక చిక్కు రాలేదు. పాచికలున్న యుద్ధక్రీడల్లోనే నమ్మకం సమస్య. ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉన్నవాడు ‘నాకు ఆరు పడింది’ అంటే నమ్మేదెలా? దానికి ఆనాటి ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం దినపత్రికే. ఫలానా రోజు ఫలానా కంపెనీ షేర్లు ఎన్ని చేతులు మారాయో మరునాటి పత్రికలో చూసి, ఆ సంఖ్య చివరి అంకెను పాచికగా తీసుకునేవారు. ఇద్దరి చేతిలోనూ అదే పత్రిక, మోసానికి చోటే లేదు.

ఈ పద్ధతి ఇవాళ్టికీ పనికొస్తుంది, కానీ అంకెను ఎంచుకోవడంలో జాగ్రత్త కావాలి. షేరు ధరలో పైసల అంకె పనికిరాదు. ధరలు ఎక్కువగా ఐదు, పది పైసల మెట్లలోనే మారతాయి, చివర సున్నానో ఐదో వస్తుంది. నిఫ్టీ సూచీ ముగింపుదీ అదే తీరు. సెన్సెక్స్ ముగింపులో దశాంశం తర్వాతి రెండు అంకెలూ మాత్రం ఏవైనా రావచ్చు, కాబట్టి అవి రెండు పాచికలు. అంతకు మించి కావాలంటే వెయ్యికీ పది వేల రూపాయలకూ మధ్య ఉన్న షేర్ల ధరలో రూపాయల స్థానంలోని ఒంటి అంకె తీసుకోవాలి. నూట నలభై రూపాయల షేరైతే రేపు ఏ అంకె వస్తుందో ఇంచుమించు ఊహించేయవచ్చు. ఒకటి నుంచి ఆరు దాకా వస్తే లెక్క, 0, 7, 8, 9 వస్తే వదిలేసి జాబితాలో తర్వాతి షేరుకు వెళ్లాలి. ఏ దాడికి ఏ షేరు అన్న జాబితా, దాడి ఆదేశాలు రెండూ ఆ రోజు మార్కెట్ తెరవకముందే మెయిల్‌లో చేరి ఉండాలి. మెయిల్ మీద పడే సమయమే సాక్ష్యం. ఫలితం చూసి మనసు మార్చుకునే వీలుండదు గనుక ఆదేశంలోనే షరతు రాసుకోవాలి: ‘మొదటి దాడిలో శత్రువు వెనక్కి తగ్గితే మూడో దళం ఆ గడిలోకి వెళ్లాలి, తగ్గకపోతే ఉన్నచోటే ఉండాలి.’ ఇలా రాయడం అలవాటైన విద్యార్థికి ముందుచూపు గురించి వేరే పాఠం అక్కర్లేదు.

కంప్యూటర్ మీద ఆడాలనుకునేవారికి వాసల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది పటాన్నీ పావులనూ చూపిస్తుంది, ఆడిన ప్రతి ఎత్తునూ లాగ్ ఫైలులో రాస్తుంది. నియమాలు పాటించడం మాత్రం ఆడేవారి పూచీ. కొత్తవాళ్లు దాదాపు అందరూ తడబడేది లాగ్ దగ్గరే. వచ్చిన ఫైలును తెరిచి, అవతలివారి ఎత్తులన్నీ ఒక్కొక్కటిగా చివరిదాకా నడిపించాలి. ఆ తర్వాతే కొత్త లాగ్ మొదలుపెట్టాలి, ఆపైనే పావును ముట్టుకోవాలి. ముందే కదిపేస్తే ఆ ఎత్తులు ఫైలులోకి ఎక్కవు. అవతలివారు తెరిచేసరికి దళాలు అప్పటికే కొత్తచోట ఉంటాయి, అక్కడికి ఎలా వెళ్లాయో కనబడదు, ఇక వాదన మొదలు. వంతు అయ్యాక లాగ్ ముగించి, అప్పుడే మెయిల్‌కు జతచేయాలి. ఇద్దరి దగ్గరా ఆట మాడ్యూల్ (ఆ ఆట పటం, పావులు ఉండే ఫైలు) ఒకే వెర్షన్ ఉందో లేదో మొదటి వంతుకు ముందే చూసుకోవాలి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి పెట్టుకోవాలి, అది పోతే దాచిన మీ పావులు మీకే కనబడవు.

ఫైలు పేర్లలో అశ్రద్ధ ఇంకో తలనొప్పి. ఒకే పేరుతో రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే బ్రౌజర్ పేరు చివర బ్రాకెట్‌లో 1 అంకె తగిలిస్తుంది. కొన్ని ఆటలు ఆ పేరును గుర్తించవు. గుర్తించినా, తొందరలో పాత ఫైలునే తెరిచి నిన్నటి వంతు మళ్లీ ఆడేస్తారు. ఫైలు పేరులోనూ మెయిల్ సబ్జెక్టులోనూ వంతు సంఖ్య వేస్తే ఈ బాధ ఉండదు. గత ఐదు వంతుల ఫైళ్లు చెరపకుండా ఉంచాలి. జీమెయిల్ 25 ఎంబీ దాటిన అటాచ్‌మెంట్ తీసుకోదు. లాగ్ ఫైళ్లు చిన్నవే కాబట్టి ఆ హద్దు అడ్డురాదు.

ఆటలు ఎక్కువగా చచ్చిపోయేది ఓటమి వల్ల కాదు, జవాబు రాకపోవడం వల్ల. అందుకే మొదటి మెయిల్‌లోనే ఒప్పందం రాసుకోవాలి. వంతుకు మూడు రోజులు, పండగలకూ పరీక్షలకూ చెప్పి తీసుకునే సెలవు, పది రోజులు ఉలుకూపలుకూ లేకపోతే ఆట వదులుకున్నట్టు. మన తీరంలో ఆడేవారు తుపాను షరతు కూడా చేర్చాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు గడువు లెక్క దానంతటదే ఆగిపోవాలి. దూరాన ఉన్న ప్రత్యర్థికి మన తుపాను సంగతి తెలియదు, అడిగే తీరికా మనకుండదు.

పెద్ద ఆటల గురించి ఒక్క మాట. కంబాట్ మిషన్ అనే కంప్యూటర్ ఆటలో ఇద్దరూ ఆదేశాలిచ్చాక అరవై సెకన్ల యుద్ధం ఒకేసారి నడుస్తుంది. పసిఫిక్ యుద్ధంపై 2009లో వచ్చిన వార్ ఇన్ ది పసిఫిక్ అడ్మిరల్స్ ఎడిషన్‌లో ఒక వంతుకు ఒక రోజు యుద్ధం. 1941 డిసెంబరు నుంచి మొదలయ్యే పూర్తి ఆట ముగియడానికి ఏళ్లు పడుతుంది. బంగాళాఖాతం, మన తీరం ఆ పటంలో ఉన్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయని చదివిన విద్యార్థి, ఆ నౌకాదళం అంత దూరం ఎలా రాగలిగిందో, ఎందుకు నిలవలేకపోయిందో ఇక్కడ ఇంధనం లెక్కలతో సహా తెలుసుకుంటాడు. అయితే దానితో మొదలుపెట్టమని ఎవరికీ చెప్పను, నియమాలకే నెలలు పడతాయి.

మొదలుపెట్టవలసింది మన పులి-మేకతో. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు బిందువులు. రెండు వైపుల బలం వేరు, గెలుపు వేరు. పులి దూకి మేకను చంపుతుంది, మేకలు పులికి కదలిక లేకుండా కట్టేస్తాయి. మేకలన్నీ పటం మీదికి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. పాచిక లేదు, దాపరికం లేదు, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. బిందువులకు పైనుంచి కిందికి, ప్రతి వరుసలో ఎడమ నుంచి కుడికి అంకెలు వేసుకుంటే ‘మేక 14’, ‘పులి 4 నుంచి 10’ అని ఒక్క వాక్యంలో వంతు పంపవచ్చు. ప్రతి మెయిల్ చివర ఏ బిందువులో ఏముందో మొత్తం రాస్తే పొరపాటు వెంటనే దొరుకుతుంది. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఒక కాలేజీ, ఒక గ్రంథాలయం ఇలా జోడీలు కట్టి మొదలుపెడితే, ఆరు నెలల్లో ఆ పిల్లలే 1757 బొబ్బిలి యుద్ధానికి వాసల్‌లో పటం గీయగలరు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆదివారం జిల్లా పేజీలో ఒక పులి-మేక స్థితిని అరచేతంత బొమ్మగా వేసి, పులులకో మేకలకో తర్వాతి ఎత్తు ఏమిటని అడగండి. బుధవారం లోపు మెయిల్‌లో వచ్చిన జవాబుల్లో ఎక్కువమంది ఎంచుకున్న ఎత్తును మరుసటి ఆదివారం పటం మీద ఆడించండి. బొమ్మలో బిందువుల అంకెలు మాత్రం తప్పకుండా అచ్చు వేయాలి. అవి లేకపోతే ఏ జవాబు ఏ బిందువు గురించో తేల్చడం మీ డెస్కు వల్ల కాదు.

ఇట్లు
ఒక పాఠకుడు,
కంటోన్మెంట్, విజయనగరం