శ్రీశైలం నడకదారి పాత యాత్రికులకు: సంచుల బండి సంగతి

ఆత్మకూరు నుంచి నమస్కారం. మొన్న ఉగాదికి వెంకటాపురం దగ్గర మాకు సంచులిచ్చి నల్లమలలోకి నడిచినవాళ్లలో చాలామందికి కొండ మీద ఆ రాత్రి సంచులు అందలేదు. కట్టుబట్టలతో, కొందరైతే బీపీ మాత్రలు కూడా లేకుండా పడుకున్నారు. ఎవరెవరో ఏదేదో చెప్పే ఉంటారు, నా మాటా వినండి.

మా సొంత బండి ఒక్కటే. పండగకు ఇంకోటి బాడుగకు పెట్టుకుంటాం. మీరు అడవి మధ్య పెచ్చెర్వులో ఒక రాత్రి ఆగి, మర్నాడు సాయంత్రం శ్రీశైలం చేరేలోపు సంచులు దోర్నాల రోడ్డు మీదుగా బండిలో అక్కడికి చేరాలి. మధ్యాహ్నం పన్నెండుకు కదలాల్సిన బాడుగ బండిని దాని యజమాని నాకు మాట మాత్రం చెప్పకుండా పుచ్చకాయల లోడుకు పంపాడు. ఫోన్ చేస్తే "నంద్యాల దాటాడన్నా" అన్నాడు. మూడింటికీ అదే మాట, ఐదింటికీ అదే. నంద్యాల అంత పెద్ద ఊరని నాకు ఆ రోజే తెలిసింది. చివరికి బండి దోర్నాల చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. అక్కడి అటవీశాఖ గేటు వేశాక మళ్లీ ఉదయం ఆరింటికే తీస్తారు. పులుల అడవి, సంచుల బండి కోసం తీయరు, తీయకూడదు కూడా.

మీరిచ్చిన సంచుల బాడుగ మొత్తం తిరిగిచ్చాను. అయినా "డబ్బులు తీసుకుని చేతులెత్తేశాడు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా నాయన కాలం నుంచి ఒక్క సంచి పోలేదు. ఆ రోజూ పోలేదు, ఆలస్యమైంది.

ఆ యజమాని తర్వాత ఇంటికొచ్చి, వచ్చే ఏడు సగం బాడుగకే తిప్పుతానన్నాడు. ఒప్పుకొమ్మని మావాడు ఒకటే పోరు. రెండో బండి కొందామంటే శివరాత్రికి, ఉగాదికి తప్ప దానికి పని లేదు, కంతులు మాత్రం నెలనెలా కట్టాలి. నేను ఒప్పుకోలేదు. ఇకమీదట సొంత బండిలో పట్టినన్ని సంచులే. కొత్తవాళ్లకు లేదనడం తేలిక. ఏళ్లుగా వస్తున్న రాయచూరు, బళ్లారి బృందాలకు ఎలా చెప్పాలి? వాళ్లకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. చీర, పసుపు, కుంకుమ మోసుకొస్తారు. ఆ మూట వద్దని నా నోటితో అనలేను. నిద్ర పట్టక ఆలోచించి, సారె మూటలు ముందు, మిగతావి తర్వాత అని తేల్చుకున్నా. దీనికి కోపం వచ్చేవాళ్లు ఉంటారు, రానీ.

దారి గురించి అడిగినవాళ్లకు: నాగలూటి వీరభద్రుడి నుంచి పైకి అవే పాత రాతిమెట్లు. పెచ్చెర్వు దాటాక ఉగాది నాటికి చెట్లకు ఆకుండదు, నీడ ఆశించకండి. భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు మోకాళ్లు, కైలాసద్వారం ఎక్కేటప్పుడు ఊపిరి, రెండూ చూసుకోండి. డిసెంబరు చలిలో తీసుకెళ్లమని కొందరు అడుగుతున్నారు. అటవీశాఖ దారి తెరిచిన రోజుల్లో తప్ప నేను ఎవరినీ పంపను. వేరేవాళ్లు పంపుతారంటే వాళ్లనే అడగండి.

మందులు మాత్రం భుజాన వేసుకునే సంచిలోనే పెట్టుకోండి. శివరాత్రి వెళ్లిన మర్నాటి నుంచి ఉగాదికి పేర్లు రాసుకుంటాం. దగ్గరివాళ్లు అంగడికి రండి, దూరంవాళ్లు ఫోన్ చేస్తే చాలు.