నాన్న సర్దిపెట్టిన రెక్సిన్ సంచి

సంపాదకులకు నమస్కారం.

విజయ్ దివస్ రోజున మీ పత్రికలో 1971 యుద్ధంలో పనిచేసిన పెద్దవాళ్ల ఫోటోలు వేశారు. శాలువాలు, దండలు, కోటు మీద పతకాలు, చూడ్డానికి ముచ్చటేసింది. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో తెలుగు పేపర్లు చదివే ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి, మా ఇల్లూ అందులో ఒకటి. అమ్మకు కళ్లు సరిగా ఆనవు కాబట్టి నేనే పేర్లూ ఊర్లూ చదివి వినిపించాను. అంతా విని, "అందరూ పాతపట్నం అవతలోళ్లేనా, మనోళ్లు ఒక్కరూ లేరేటి?" అంది. పాతపట్నం మా పక్కనే ఉన్న ఆంధ్రా ఊరు. ఆ మాట మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత ఈ పక్క తెలుగువాళ్లని ఎక్కడ లెక్కపెట్టాలో ఎవరికీ తేలకుండా చేసింది, ఒడియా పేపర్ల వాళ్లకీ మేం గుర్తురాం, తెలుగు పేపర్ల వాళ్లకీ గుర్తురాం.

నాన్న పోయి ఏడాది దాటింది. ఊళ్లో అందరికీ ఆయన "మిలట్రీ బాబు". అసలు పేరుతో పిలిచినవాళ్లని నేను పెద్దగా చూడలేదు. 1965లో పద్దెనిమిదేళ్లు నిండగానే సైన్యంలో చేరి, బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో శిక్షణ తీసుకున్నారు. మద్రాస్ సాపర్స్ అనేది వాళ్లనే. వంతెనలు వేయడం, రోడ్లు వేయడం, శత్రువు పాతిన మందుపాతరలు తీయడం వాళ్ల పని. తుపాకీ పట్టుకుని ముందుకురికేవాళ్ల బొమ్మలే అందరికీ తెలుసు గానీ ఆ ఉరికేవాళ్లకి ముందు దారి చేసేవాళ్లు ఒకరుంటారని మా వీధిలో చాలామందికి నాన్న చెప్తేనే తెలిసింది. 1983లో హవల్దారుగా రిటైరయి, తర్వాత ఒక బ్యాంకులో గన్‌మెన్‌గా చేశారు.

1971 అంటే అందరూ ఢాకా గురించే మాట్లాడతారు, 93 వేల మంది లొంగిపోయారు కాబట్టి అది సహజమే. నాన్న మాత్రం పడమటి వైపు, షకర్‌గఢ్ సెక్టార్‌లో, బసంతర్ నది దగ్గర ఉన్నారు. డిసెంబరు 16న అరుణ్ ఖేతర్‌పాల్ అనే 21 ఏళ్ల కుర్రాడు ట్యాంకులో ఉండి పోరాడుతూ ప్రాణం వదిలి పరమవీర చక్ర పొందింది అక్కడే. ఆ ట్యాంకులు నది దాటి అవతలికి వెళ్లాలంటే మధ్యలో ఉన్న మందుపాతరల్లోంచి ముందు దారి తీయాలి కదా, ఇంజనీర్లు ఆ పనిలో ఉన్నారు, నాన్న వాళ్లలో ఒకరు. ఎలా తీస్తారు నాన్నా అని చిన్నప్పుడు మేం అడిగితే నేల మీద బోర్లా పడుకుని చూపించేవారు. సన్నటి ఇనుప చువ్వని ఏటవాలుగా మట్టిలోకి మెల్లగా దింపాలి, గట్టిగా ఏదైనా తగిలితే అక్కడే ఆపేయాలి, చేత్తో మట్టి తీయాలి, మళ్లీ జానెడు ముందుకి. నిటారుగా గుచ్చారో అంతే సంగతులు. సాఫయిన దారికి రెండు పక్కలా తెల్లటి టేపు పరుస్తారు. ఇంతవరకే చెప్పేవారు. ఆ రాత్రి పక్కన ఎవరున్నారు, ఎవరు తిరిగి రాలేదు అంటే మాట మార్చేసి పంజాబ్ చలి గురించి మొదలుపెట్టేవారు, అక్కడి పల్లెల వాళ్లు బకెట్లతో పాలూ గుడ్డలో చుట్టిన రొట్టెలూ తెచ్చిచ్చిన సంగతి గంటసేపు చెప్పేవారు. ఇంకో మాట కూడా ఎప్పుడూ గొప్పగా చెప్పేవారు, అప్పటి రాష్ట్రపతి వి.వి.గిరి గారు బరంపురంలో పుట్టిన తెలుగాయన కాబట్టి, "మూడు దళాలకీ పెద్ద మన గంజాం బాబే, ఇంక మనకి భయమేటి" అని ప్లాటూన్‌లో తమిళ, కన్నడ స్నేహితుల దగ్గర కోతలు కోసేవారట.

యుద్ధం నాటికి నేను ఏడాది పిల్లని. నాకు తెలిసిన నాన్న, మొదట్లో, ఒక అడ్రసు మాత్రమే. "కేరాఫ్ 56 ఏపీఓ." ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు, చాలా చోట్ల జవాన్ల ఉత్తరాలకి అదే అడ్రసు, నేనూ తమ్ముడూ మాత్రం 56 ఏపీఓ అనేది ఒక ఊరనుకుని స్కూల్లో ఇండియా మ్యాపులో వెతికేవాళ్లం. ఆయన ఇన్లాండ్ లెటర్ వస్తే దాన్ని మూడు భాగాలు చేసుకోవాలి, పైన అమ్మకి, మధ్యలో నాకు, మడత పెట్టే ముక్క మీద తమ్ముడికి. మేం చదివింది ఒడియా మీడియం. అందుకని నా ముక్కలో అక్షరాలు పెద్దగా, విడివిడిగా, ఒత్తులు స్పష్టంగా రాసేవారు, కింద రెండు మూడు మాటలు ఇచ్చి "వీటితో వాక్యాలు రాసి పంపు" అనేవారు, నేను పంపితే తప్పులు ఎర్ర సిరాతో దిద్ది వచ్చే ఉత్తరంలో పెట్టి తిరిగి పంపేవారు. ఇప్పుడు మీకు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఏ బడి చలవా కాదు, కాశ్మీరులోనో అరుణాచల్‌లోనో గుడారంలో కూర్చుని ఒక నాయక్ దిద్దిన తెలుగు ఇది.

ఏడాదికోసారి రెండు నెలల సెలవు. మద్రాసు నుంచి వచ్చి నౌపడాలో దిగి, గుణుపురం పోయే చిన్న రైలెక్కి పర్లాకిమిడి స్టేషన్లో దిగేవారు. ఆ రైలు 1900లో రాజావారు వేయించింది, బొగ్గింజను, అది వచ్చే వేగానికి పిల్లలు పక్కన పరిగెత్తగలిగేవాళ్లు. (ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది, మంచిదే, కానీ ఆ కూత పోయింది.) నల్ల ట్రంకు పెట్టె, హోల్డాలు, ఒంటికి బొగ్గు మసి. ట్రంకు పెట్టె తెరిస్తే చుట్టాలంతా చేరేవాళ్లు, రిటైరయ్యాక కూడా అంతే, క్యాంటీన్ రమ్ము వచ్చిన వారంలో మా ఇంటికి మేనమామల వరస వాళ్లు ఎక్కువైపోయేవారు. నాన్న తాగరు. కానీ ఎవరినీ ఉత్త చేతులతో పంపేవారు కారు, అమ్మకి అది మహా ఒళ్లుమంట.

దేవుడిలాంటి మనిషి అని రాయను. కోపం ఎక్కువ. పొద్దున అయిదింటికి లేవకపోతే మంచం ఎత్తి పడేసేవారు, అన్నంలో మెతుకు వదిలితే మళ్లీ కూర్చోబెట్టేవారు. కానీ నన్ను కాలేజీకి సైకిలు మీద పంపుతున్నారని మా పెదనాన్న నలుగురిలో అడిగితే, "ఆడపిల్ల సైకిలు తొక్కితే నీకేటి నొప్పి అన్నయ్యా" అని ఒకే ఒక్క మాట అని, ఆ మర్నాడు సైకిలుకి కొత్త బెల్లు బిగించి ఇచ్చారు. నేను వీధి మొత్తం ఆ బెల్లు కొట్టుకుంటూ వెళ్లాను, పెదనాన్న గుమ్మం ముందు రెండుసార్లు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆయనకి డెబ్భై దాటింది. మహేంద్రతనయ నది పొంగి మా వైపు వీధుల్లో నడుముల లోతు నీళ్లు. పక్కింట్లో బాలింత, కదల్లేని ముసలావిడ ఉన్నారు. నాన్న లుంగీ ఎగ్గట్టి, వెదురు కర్ర పట్టుకుని, ముందు తను నడుస్తూ, కర్రతో ఏటవాలుగా గుచ్చి చూసుకుంటూ, మూతలేని కాలువ ఎక్కడుందో రోడ్డెక్కడుందో చూసి, అమ్మ పాత తెల్ల చీర చింపిన పీలికలు స్తంభాలకీ గేట్లకీ కట్టుకుంటూ పోయారు. "నా వెనకాలే రండి, పీలిక దాటి కాలు పెట్టొద్దు." ఆ వరసలోనే అందరం మేడ ఉన్న ఇంటికి చేరాం. బసంతర్ దగ్గర ఏం చేశారో ఆయన నోటితో చెప్పని భాగం నేను ఆ రోజు చూశాననుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం మా నాన్న గొప్ప చెప్పడానికే అయితే మీరు వేయక్కర్లేదు.

నాన్న పోయిన మూడో రోజున అమ్మ బీరువా అడుగు నుంచి ఒక రెక్సిన్ సంచి తీసి నా ముందు పెట్టింది. "నేను పోయాక తెరవమన్నారు." లోపల డిశ్చార్జ్ బుక్కు, పెన్షన్ పేమెంట్ ఆర్డరు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, ఇద్దరూ కలిసి దిగిన ఫోటోలు అరడజను, 1971 యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఒక అగ్గిపెట్టెలో దూది చుట్టి. వీటన్నిటి మీదా రూళ్ల కాగితం ఒకటి, నాకు చిన్నప్పుడు రాసినట్టే పెద్ద పెద్ద అక్షరాలతో, ఏ పని ముందు ఏ పని వెనక చేయాలో రాసిపెట్టారు. మరణ ధ్రువపత్రం కాపీలు ఎక్కువ తీసుకోండి, ఎక్కడికెళ్లినా ఒకటి ఉంచుకుంటారు. స్పర్శ్‌లో (సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ పోర్టల్) మరణం నమోదు చేయించండి, బ్యాంకుకీ చెప్పండి, నా పెన్షను మామూలుగా పడుతూ ఉంటే ముట్టుకోవద్దు, తర్వాత వెనక్కి లాగేసుకుంటారు. జిల్లా సైనిక్ బోర్డులో అమ్మ పేరున వితంతువు గుర్తింపు కార్డు తీయించండి. ఈసీహెచ్ఎస్ వైద్యం అమ్మకి ఆగదు, కార్డు మాత్రం మార్పించుకోండి. ఏడాదికోసారి అమ్మ జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ధ్రువపత్రం) ఇవ్వడం మరిచిపోవద్దు. ఫ్యామిలీ పెన్షను నా పెన్షనంత రాదు, ఆఖరి జీతంలో 30 శాతం లెక్కన వస్తుంది, కాబట్టి ఇంటి ఖర్చు ముందే సర్దుకోండి, అమ్మ మందుల్లో మాత్రం కోత పెట్టొద్దు.

ఇంకా ముఖ్యమైంది ఆ సంచిలో ఇంకో కవరులో ఉంది. అమ్మ పేరు సైన్యం రికార్డుల్లో పెళ్లయిన కొత్తలో ఎవరో గుమాస్తా ఇంగ్లీషులో కొట్టినట్టు ఒక రకంగా ఉంది, ఓటరు కార్డులో ఒడియా నుంచి వచ్చి ఇంకో రకంగా ఉంది, ఆధార్‌లో ఇంటిపేరు వెనక్కిపోయి మూడో రకంగా ఉంది. పుట్టిన తేదీ అయితే చెప్పక్కర్లేదు. పైగా నాన్న సొంతూరు ఆంధ్రాలో, ఇల్లు కట్టుకుంది ఒడిశాలో, సర్వీసు పుస్తకంలో ఒక రాష్ట్రం, రేషను కార్డులో ఒక రాష్ట్రం. ఇక్కడ సగం ఇళ్ల పరిస్థితి ఇదే. ఆయన తోటి సైనికుడు ఒకరు పోయాక ఆయన భార్య ఈ పేరు తేడా వల్ల చాలా కాలం పెన్షను అందక ఒక ఆఫీసు చుట్టూ తిరగడం, అక్కడివాళ్లు "ఈ పేరు గలావిడ నువ్వేనని రుజువేటి" అని అడగడం నాన్న కళ్లారా చూశారు. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం తినలేదు. ఆ తర్వాతే మోకాళ్ల నొప్పులతో నోటరీ దగ్గరికీ, పేపరు ప్రకటనకీ, సైనిక్ బోర్డుకీ తిరిగి, బెంగళూరు రికార్డ్ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టులు పెట్టి, అమ్మ పేరు సరిచేయించి, పార్ట్ టూ ఆర్డరు (సైన్యం రికార్డులో మార్పు ఎక్కించే ఉత్తర్వు) వేయించారు. ఎందుకు నాన్నా ఈ వయసులో ఈ టెన్షన్ అని తమ్ముడు విసుక్కుంటే, "నేనుండగా అయితే నేను తిరుగుతాను, నేను పోయాక అయితే మీ అమ్మ తిరగాలి" అన్నారు.

అమ్మ ఒక్క ఆఫీసు మెట్టు కూడా ఎక్కాల్సిన పని పడలేదు. సంతకాలన్నీ ఇంట్లో కూర్చునే పెట్టింది.

మా నాన్న సంతాప సభలో అందరూ దేశసేవ గురించే మాట్లాడారు. వచ్చిన ముగ్గురు ముసలి సైనికులు బెరెట్లు పెట్టుకుని సెల్యూట్ చేశారు, చేయెత్తడమే కష్టంగా ఉన్న వయసు. వాళ్లని నేను అడిగాను, మీ ఇంట్లో ఆమె పేరు రికార్డుల్లో సరిగ్గా ఉందా అని. ఒకాయన ఉందన్నారు. ఒకాయన తెలీదన్నారు. మూడో ఆయన, "కొడుకు చూసుకుంటాడులే అమ్మా" అన్నారు, కొడుకేమో సూరత్‌లో.

అందుకని నా మనవి ఇది. 1971లో పద్దెనిమిదేళ్ల వాళ్లు కూడా ఇప్పుడు డెబ్భై దాటిపోయారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, చికిటి వైపు తెలుగు ఇళ్లలో ఇంకా మిగిలినవాళ్ల దగ్గరికి మీ విలేకరిని ఒకసారి పంపండి, ఫోటో తీసి వేయండి, వాళ్లకి సంతోషం. దాంతోపాటు, ఈ కాగితాల సంగతి తెలుగులో వివరంగా ఒక్కసారి వేయండి, ఒడియాలో ఉన్న ఫారాలు మా అమ్మలాంటివాళ్లు చదవలేరు, ఇంగ్లీషువి అసలే చదవలేరు. భర్త బతికుండగా, కలిసి దిగిన ఫోటో, భార్య పేరు, పుట్టిన తేదీ, బ్యాంకు జాయింటు ఖాతా సరిచూసుకోమని చెప్పండి. సైనికుడి పేరుతోపాటు భార్య పేరు కూడా అచ్చులో పడితే ఇంకా మంచిది, పదిహేనేళ్లూ పదిహేడేళ్లూ ఇల్లు నడిపింది వాళ్లే.

నాన్న రాసిన రూళ్ల కాగితం జెరాక్స్ ఈ ఉత్తరంతో పెడుతున్నాను, నంబర్లూ పేర్లూ కొట్టేశాను. చోటు చాలకపోతే నేను రాసిందంతా తీసేసి అదొక్కటే వేయండి.

— ఒక హవల్దారు కూతురు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా