అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షులకు బహిరంగ లేఖ: జనరేటర్ల పరీక్షల సంగతి

అయ్యా,

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ కూడలి దగ్గర ఉంటాను. మొన్న వానకు కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంట్ జనరేటర్‌లో డీజిల్ నిండుగా ఉన్నా అది కదల్లేదు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిందట! మేము ఐదంతస్తులు మెట్లెక్కాం, అంతే. అణు రియాక్టర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆపేసినా ఇంధనం వేడిని వదులుతూనే ఉంటుంది, చల్లబరచాల్సిందే. ఆ పంపులకు కరెంటు కావాలి; బయటి కరెంటు పోతే జనరేటర్లే దిక్కు.

2011 మార్చి 11న భూకంపంతో కరెంటు పోయినప్పుడు జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో జనరేటర్లు చక్కగానే మొదలయ్యాయి. సునామీ వచ్చి నేలమాళిగల్లోని యంత్రాలను, స్విచ్ బోర్డులను ముంచేసింది. చివరికి ఆరో యూనిట్‌కు చెందిన, గాలితో చల్లబడే ఒక్క జనరేటరే పనికొచ్చింది.

అంతదూరం ఎందుకు? 1993 మార్చి 31న మన ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి మంటలు లేచాయి. అసలు సరఫరా తీగలు, అత్యవసర సరఫరా తీగలు తగినంత ఎడం లేక కలిసి కాలిపోయాయి. దాదాపు 17 గంటలు ఆ అణు కేంద్రం కరెంటు లేక చీకట్లో ఉంది. అగ్నిమాపక డీజిల్ పంపులతో నీళ్లు పెట్టి గట్టెక్కించిన సిబ్బందికి చేతులెత్తి మొక్కాలి. అయితే జనరేటర్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కటే చాలదని అప్పుడే తేలింది కదా?

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన ఉంది. అది సముద్రపు ఒడ్డు. అందుకే అడుగుతున్నాను: ప్రతి కేంద్రంలో జనరేటర్లను, బ్యాటరీలను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో, ఎన్నిసార్లు మొరాయించాయో తెలుగులో కూడా ప్రకటించండి.

ఇట్లు,
ఒక హైదరాబాద్ పౌరుడు