కిందికి జారి, మూడు ట్రోఫీలు పట్టిన రోవర్స్

సంపాదకులకు నమస్కారం.

మన క్రీడా పేజీల్లో రగ్బీ లీగ్‌కు చోటు దొరకడమే అరుదు. అయినా ఇంగ్లండ్‌లోని హల్ కింగ్‌స్టన్ రోవర్స్ గురించి మీరు రాయాలి. 2016 అక్టోబరు 1న సొంత మైదానం క్రేవెన్ పార్క్‌లో సాల్ఫర్డ్‌తో ఆట. ఓడినవాళ్లు అక్కడి అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్ నుంచి కింది స్థాయికి పోతారు. కాసేపట్లో ఆట అయిపోతుందనగా రోవర్స్‌దే 18-10 ఆధిక్యం. అంతలో రెండు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనిస్తే వచ్చే స్కోరు) ఇచ్చేశారు, స్కోరు సమమైంది. అదనపు సమయంలో గారెత్ ఓబ్రయన్ చాలా దూరం నుంచి కొట్టిన ఒక్క డ్రాప్ గోల్‌తో (బంతిని నేలకు తాకించి తన్నితే వచ్చే ఒక పాయింటుతో) 19-18 తేడాతో మునిగిపోయారు.

మరుసటి ఏడాదే తిరిగి పైకొచ్చినా 2020లో అట్టడుగున నిలిచారు. కోచ్ విల్లీ పీటర్స్ వచ్చాక 2023లో నాకౌట్ టోర్నీ అయిన చాలెంజ్ కప్ ఫైనల్, 2024లో సూపర్ లీగ్ విజేతను తేల్చే గ్రాండ్ ఫైనల్ చేజారాయి. అలా రెండుసార్లు ఓడినా యాజమాన్యం కోచ్‌ను మార్చలేదు. నాకు బాగా నచ్చింది అదే. 2025లో చాలెంజ్ కప్, లీగ్ పట్టికలో అగ్రస్థానానికిచ్చే షీల్డ్, గ్రాండ్ ఫైనల్ మూడూ వాళ్లవే. పెద్ద ట్రోఫీ చేతికందడం 1985 తర్వాత మళ్లీ అప్పుడే.

ఆనాడు గెలిచిన సాల్ఫర్డేమో అదే 2025లో ఆటగాళ్లకు జీతాలు సమయానికి ఇవ్వలేని స్థితికి చేరింది. ఈ రెండు క్లబ్బుల కథనూ కలిపి ఆదివారం సంచికలో వివరంగా వేయండి.

– రగ్బీ అభిమాని, విశాఖపట్నం