డ్రమ్ దించమని చెప్పేవాళ్లే లేరు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో మార్చింగ్ బ్యాండ్ ఫొటో పెద్దగా వేశారు. బాగుంది, కాదనను. కానీ అందులో ఎడమ చివర బేస్ డ్రమ్ మోస్తున్న కుర్రాడి వైపు ఎవరైనా సరిగ్గా చూశారా అని నా డౌటు. పొట్ట ముందుకి, భుజాలు వెనక్కి, నడుం విల్లులా వంగిపోయి ఉంది. కింద మాత్రం "ఉత్సాహంగా వాయిస్తున్న విద్యార్థులు" అని రాశారు. నాకైతే చూడగానే నా నడుమే కలుక్కుమంది, ఎందుకంటే పదకొండేళ్లు నేనూ సరిగ్గా అలాగే నిలబడ్డా. టెనార్స్ వాయించేవాడిని, ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే ముందు టేబుల్ పట్టుకోవాలి.

టెనార్స్ అంటే తెలియనివాళ్లకి చెప్తున్నా, ఒకే ఫ్రేముకి నాలుగైదు ఆరు డ్రమ్ములు బిగించి ఉంటాయి, దాన్ని భుజాలకి వేసుకునే క్యారియర్ అనే చట్రానికి తగిలించుకుని నడుస్తూ వాయించాలి. క్యారియర్‌తో కలిపి 15 కిలోల పైమాటే, పెద్ద సెట్ అయితే 20 దాకా పోతుంది. స్నేర్, అంటే గరగరమని మోగే ఒంటి డ్రమ్, చూడ్డానికి చిన్నదే కానీ అదీ తక్కువేం కాదు, 1980ల నుంచి కెవ్లార్ అనే గట్టి దారంతో చేసిన హెడ్లు (కర్రలతో కొట్టే పై పొర) వచ్చాక ఆ బిగింపు తట్టుకోవాలని డ్రమ్ గుల్లా దాన్ని బిగించే లగ్గులూ అన్నీ దిట్టంగా చెయ్యాల్సి వచ్చింది, ఆ బరువంతా వచ్చి పడింది మోసేవాడి మీదే. స్కూల్ బ్యాగు ఒంటి బరువులో 10 నుంచి 20 శాతం దాటకూడదని పిల్లల డాక్టర్లు చెప్తుంటారు కదా, ఆ లెక్కన 45 కిలోల పిల్లాడికి ఎంత లాగినా 9 కిలోలు. బ్యాగ్ బరువు గురించి మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివానో, డ్రమ్ గురించి ఒక్క ముక్క కూడా చూడలేదు. పైగా బ్యాగు వీపుకి ఆనుకుని ఉంటుంది, డ్రమ్ముకి ఆ సుఖం కూడా లేదు.

అసలు తిరకాసు అక్కడే ఉంది. నీళ్ల బకెట్ ఒంటికి ఆనించి పట్టుకుని చూడండి, అదే బకెట్ చేతులు ముందుకి చాచి పట్టుకుని చూడండి, బరువు మారలేదు కానీ రెండోసారి నిమిషం కూడా ఆగలేం. టెనార్స్ బరువు వెన్నెముకకి ఓ 30, 35 సెంటీమీటర్ల ముందు వేలాడుతుంది, దాన్ని వెనక్కి లాగి పట్టాల్సిన నడుం కండరాలేమో ఎముకకి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. అంటే 16 కిలోలు మోస్తున్నామని మనం అనుకుంటాం గానీ ఆ కండరం లాగేది 100 కిలోల దాకా ఉంటుంది. అది అలిసిపోతే ఒళ్లు ఏం చేస్తుంది, తెలివిగా వెనక్కి వాలిపోతుంది. వాలితే కండరానికి కాస్త రిలీఫ్, కానీ వెన్నుపూసల వెనక ఉండే చిన్న చిన్న జాయింట్ల మీద భారం పెరుగుతుంది. మీ ఫొటోలో కుర్రాడు చేస్తున్నది అదే.

నాకు పదిహేడో ఏట నొప్పి మొదలైంది. ముందుకి వంగితే పెద్దగా లేదు, వెనక్కి వంగితే చురుక్కుమనేది. మా సెక్షన్ లీడర్ స్ట్రెచింగ్ చెయ్యమన్నాడు, ఇంకొకరు నడుం బెల్ట్ పెట్టుకో అన్నారు, మా మాస్టారు అయితే "కొత్తలో అందరికీ ఉంటుంది, అలవాటైపోతుంది" అన్నారు. అలవాటైపోయింది కూడా, పంటి బిగువున సీజన్ మొత్తం లాగించేశా. తర్వాత ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు, స్కాన్ తీస్తే అన్నింటికన్నా కిందున్న నడుం పూస వెనక భాగంలో సన్నటి బీట ఉందని తేలింది, ఎదిగే వయసులో పదే పదే వెనక్కి వంగే పిల్లలకి వచ్చే రకం అంట. డాక్టర్ మూడు నెలలు డ్రమ్ ముట్టుకోవద్దన్నారు. నేను నెలన్నరకే మళ్లీ తగిలించుకున్నా. ఇందులో ఎవర్నీ అనడానికి లేదు, నా తప్పే.

ఇప్పుడు అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తా. మా అన్నయ్య కూతురు స్నేర్ వాయిస్తుంది. ఈ మధ్య తన రిహార్సల్‌కి వెళ్లి ఊరికే కూర్చోలేక ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూశా. రిహార్సల్ మూడు గంటలు. తన ఒంటి మీద డ్రమ్ ఉన్నది రెండు గంటల పది నిమిషాలు. వాయించింది మొత్తం కలిపి యాభై నిమిషాలు కూడా లేదు. మిగతా టైమంతా ఏం జరిగిందయ్యా అంటే, మాస్టారు ట్రంపెట్ వాళ్లకి ఏదో చెప్తున్నారు, ఎవరో షీటు మర్చిపోయారు, లైన్ సరిగ్గా రాలేదని మళ్లీ మొదటికి రమ్మన్నారు, ఇంతసేపూ పిల్లలు డ్రమ్ములతో అలాగే నిలబడి ఉన్నారు. ట్రంపెట్ వాడు ట్రంపెట్ దించి నిలబడతాడు, ఫ్లూట్ సంగతి సరేసరి. డ్రమ్ములకి మాత్రం ఆ మాట చెప్పేవాళ్లు ఉండరు, పిల్లలేమో అడగరు, అడిగితే పక్కవాడి ముందు పరువు పోతుంది కదా. నడుములు పోయేది వాయించడం వల్ల కంటే ఇలా ఊరికే నిలబడ్డం వల్లే ఎక్కువ అని నా అనుమానం, నా మటుకు నాకైతే అది అనుభవం.

పైసా ఖర్చు లేని పని ఇది. నిమిషం దాటి ఆగేట్టుంటే "డ్రమ్స్ డౌన్" అని ఒక్క మాట. దించేది కూడా స్టాండ్ మీదకి అయితే మేలు, నేల మీదకి దించితే మళ్లీ వంగి ఎత్తాలి, ఎత్తేటప్పుడే సగం మందికి నడుం పట్టేస్తుంది. స్టాండ్ లేదంటే పక్కవాడి చెయ్యి సాయం తీసుకుని, మోకాళ్లు వంచి, డ్రమ్ ఒంటికి దగ్గరగా పెట్టుకుని లేవాలి. ఒక్కడే ఊపుగా ఎత్తి తగిలించుకోవడం చూడ్డానికి స్టైల్‌గానే ఉంటుంది, నేనూ చేశా.

క్యారియర్ సంగతి ఇంకోటి. పోయినేడు వాయించిన ఆరడుగులవాడి క్యారియర్‌ని ఈ ఏడు అయిదడుగుల పిల్లకి ఇచ్చేస్తారు, స్క్రూలు కూడా మార్చరు. పొట్ట దగ్గర ఆనాల్సిన ప్లేటు తొడల మీదకి వస్తుంది, ఇక నడిచినప్పుడల్లా డ్రమ్ మోకాళ్లకి కొట్టుకుంటుంది. భుజాల దగ్గర పట్టీ మరీ మెడ పక్కన నొక్కుతుంటే చేతుల్లో తిమ్మిర్లు మొదలవుతాయి, అది నరం మీద ఒత్తిడి, దాన్ని భరించాల్సిన పనే లేదు. స్పానర్ తీసుకుని పది నిమిషాలు కూర్చుంటే సర్దుకునే విషయాలు ఇవన్నీ. ఒక భుజానికే బెల్ట్ వేసుకుని మోసే పాత పద్ధతి డ్రమ్ములైతే ఇంకా ఘోరం, ఒంటి ఒక పక్కే మొత్తం లాగేస్తుంది.

ఇంక పక్కకి అడుగులు వేస్తూ ఛాతీ మాత్రం ఎదురుగా పెట్టి నడిచే క్రాబ్ స్టెప్ అని ఒకటుంది, అది కొత్తవాళ్లతో మొదటివారం నుంచే డ్రమ్ పెట్టించి చేయించడం నాకు అస్సలు నచ్చదు. ముందు ఖాళీ చేతులతో, తర్వాత ఖాళీ క్యారియర్‌తో, ఆ తర్వాత పావుగంట పావుగంట డ్రమ్‌తో పెంచుకుంటూ పోవాలి. ప్లాంక్, పిరుదుల కండరాలకి బ్రిడ్జ్, చేతులూ మోకాళ్ల మీద ఆని ఎదురు చెయ్యి ఎదురు కాలు చాపే ఎక్సర్‌సైజ్, ఇవి రోజూ చేస్తే తేడా తెలుస్తుంది. మామూలు నొప్పికి మంచమెక్కి పడుకోవడం కంటే డ్రమ్ పక్కన పెట్టి మెల్లగా నడుస్తూ ఉండటమే మంచిదని నాకు ఫిజియో చెప్పారు.

పేరెంట్స్‌కి ఒక్క మాట. వెనక్కి వంగితే వచ్చే నొప్పి రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి, రాత్రి నిద్ర లేపే నొప్పైనా అంతే. కాలు బలహీనం అవుతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, యూరిన్ మీద కంట్రోల్ పోయినా ఆ రోజే హాస్పిటల్‌కి వెళ్లాలి, ప్రోగ్రామ్ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. అన్నట్టు చెవుల్లో ప్లగ్గులు కూడా పెట్టించండి, 100 డెసిబెల్స్ మోత దగ్గర పావుగంట దాటితే చాలు, చెవికి ప్రమాదం అని లెక్క, డ్రమ్ లైన్ మధ్యలో నిలబడితే ఆ పావుగంట ఎప్పుడైపోయిందో కూడా తెలీదు. అది వేరే ఉత్తరం అవుతుంది, ఆపేస్తా.

మీరు ఈసారి బ్యాండ్ ఫొటో వేస్తే, ఫొటోగ్రాఫర్ గారిని రిహార్సల్‌కి ఒకసారి పంపించండి, అదీ మాస్టారు ట్రంపెట్ వాళ్లతో మాట్లాడుతున్న టైమ్‌లో. డ్రమ్ములు ఎక్కడున్నాయో తియ్యమనండి చాలు.

ఇట్లు,
ఒక పాత టెనార్ డ్రమ్మర్