రెండు మానిటర్ల సెట్ కొన్నవాళ్లు దయచేసి అడాప్టర్లు పట్టుకురండి

గుంటూరు బ్రాడీపేటలో మా షాపు దగ్గర ఈ మధ్య రెండు మానిటర్ల సెట్ కొన్నవాళ్లందరికీ ఈ కబురు.

రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టి ఆన్ చేస్తే ఒకటి ఉన్నట్టుండి నల్లబడి, ఒకట్రెండు సెకన్లకు మళ్లీ వస్తోందని చాలామంది చెప్పారు. కొందరిళ్లలో ఆ పక్కనే ఉన్న టీవీకి కూడా ఇబ్బందిగా ఉందట. మిర్చి యార్డులో ఒక కమీషన్ వ్యాపారిగారు సీజన్ మధ్యలో రేట్లు చూసుకుంటుంటే ఇలాగే అయిందట. నలుగురిలో "డూప్లికేట్ పీసులు అంటగట్టాడు" అన్నారు. ఆ మాట నా చెవిన పడింది. మానిటర్లు మంచివేనండీ. తేడా అంతా రెండో లాటుతో వచ్చిన అడాప్టర్లలో ఉంది.

స్క్రీన్లు దగ్గరగా ఉంటే అయస్కాంతం లాగుతుందని, రెండడుగులు జరపమని కొందరికి ఎవరో చెప్పారట. డబ్బా టీవీల రోజుల్లో అది నిజమే. పిక్చర్ ట్యూబు మెడ దగ్గరున్న కాయిల్స్ ఎలక్ట్రాన్ల ధారను అటూ ఇటూ వంచి బొమ్మ గీసేవి. పక్కనే ఇంకో ట్యూబు ఉంటే దాని కాయిల్స్ దీన్నీ కాస్త లాగేవి. టీవీ సెకనుకు 50 సార్లు, కంప్యూటర్ మానిటర్ 60 సార్లు గీస్తుంటే, ఆ తేడా సెకనుకు 10 సార్లు వణుకై కనిపించేది. నేను ఈ పని నేర్చుకుందే ఆ ట్యూబుల మీద. ఎల్‌సీడీలో ఆ ధారా లేదు, ఆ కాయిల్సూ లేవు.

రెండు లాట్ల అడాప్టర్లనూ విప్పి చూశాను. పైన స్టిక్కర్ ఒకటే. చేత్తో పట్టుకుంటేనే రెండోది తేలిక. లోపల కరెంటు వచ్చే వైపు కామన్ మోడ్ చోక్ అనే తీగచుట్ట ఉండాలి. బోర్డు మీద దాని గుర్తు అచ్చేసే ఉంది, చోక్ మాత్రం లేదు. ఆ రంధ్రాల్లో రెండు తీగముక్కలు పెట్టి సోల్డర్ చేసేశారు! వై కెపాసిటర్ అనే చిన్న భాగం ఉండాల్సిన చోటూ ఖాళీయే. ఇలాంటి అడాప్టర్ లోపల కరెంటు సెకనుకు సుమారు 65 వేల సార్లు ఆగి మొదలవుతుంటుంది. అందులో పుట్టే నాయిస్‌ను, అంటే కరెంటులోని అలజడిని, బయటికి పోనీయకుండా పట్టేవి ముఖ్యంగా ఆ రెండే. అవి లేకపోతే నాయిస్ వైర్ల వెంట బయటికొచ్చి, పక్క మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌కు ఎక్కుతుంది. సిగ్నల్ తెగుతుంది, మళ్లీ కలిసేదాకా స్క్రీన్ నల్లగా ఉంటుంది.

సప్లయర్‌ను అడిగితే "బీఐఎస్ గుర్తు ఉందిగా సార్, ఇంకేం కావాలి" అన్నాడు. ఆ గుర్తు కింద ఉన్నది ఐఎస్ 13252. షాక్ కొట్టకుండా, నిప్పంటుకోకుండా చూసే ప్రమాణం అది. నాయిస్ పరీక్ష వేరు. ఇది నేను చెప్పేసరికి "మీరొక్కరే అడుగుతున్నారు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. 2017లో ఎల్‌జీ వాళ్ల 5కే మానిటర్ వైఫై రౌటర్‌కు దగ్గరగా పెడితే పనిచేయడం లేదని గొడవైతే, అంత పెద్ద కంపెనీ ఒప్పుకుని లోపల షీల్డింగ్ పెంచింది. ఈయన రెండు తీగముక్కల సంగతి ఒప్పుకోడు. ఎన్నేళ్లుగానో ఆయన దగ్గరే కొంటున్నాను. ఇక కొనను, ధర సగానికి ఇచ్చినా సరే.

నాకు నిద్ర పట్టనిది దీన్ని ఎలా సర్దాలన్న దగ్గర. వైరు చుట్టూ బిగించి నాయిస్‌ను తగ్గించే ఫెర్రైట్ క్లిప్ తగిలిస్తే చాలావరకు తగ్గుతుంది, ఖర్చూ తక్కువే. లెక్కలు చూసే మా ఆవిడ "అడిగినవాళ్లకు క్లిప్ ఇవ్వండి, అడగనివాళ్ల జోలికెందుకు" అంది. ఆమె లెక్క ప్రకారం అదే సబబు. రెండు మూడు ఇళ్లలో తగిలించి చూశాను కూడా. మానిటర్ వైపు వైరుకు పెడితే స్క్రీన్ కుదుటపడింది గానీ, ప్లగ్గు వైపు నుంచి ఇంటి వైరింగులోకి పోయే నాయిస్ అలాగే ఉంది. పైన టేపు వేసి కింద కారనిచ్చినట్టు. నా బిల్లు మీద పోయిన వస్తువు అలా ఉండడం నాకు ఇష్టంలేదు. అందుకే అడిగినా అడగకపోయినా ఆ లాటు మొత్తానికి అడాప్టర్లు మారుస్తున్నాను. పైసా అక్కర్లేదు. కొత్తవి ఒక్కొక్కటీ విప్పి చూశాకే షాపులో పెట్టాను.

మీదీ ఆ లాటేనా అన్న అనుమానముంటే పాత ఏఎం రేడియో తీయండి. ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఉండే 837 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టి అడాప్టర్ పక్కకు తీసుకురండి. గర్రుమని మోత పెరిగి, ప్లగ్గు పీకగానే ఆగిందంటే దాదాపు అదే. మానిటర్ బటన్ నొక్కి ఆపితే చాలదు, అడాప్టర్ పనిచేస్తూనే ఉంటుంది.

బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. మానిటర్లు మాత్రం వెనక్కి తీసుకోను, వాటిలో దోషం లేదు. పాత అడాప్టర్ ఇస్తేనే కొత్తది ఇస్తాను. అవన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి ఆ సప్లయర్ టేబుల్ మీద కుమ్మరించాలి.