మా పిల్లలకు తాబేలు పిల్లలను చూపించనివ్వండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నంలో కొండ అంచున ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను జీవశాస్త్రం చెబుతాను. రెండేళ్ళ క్రితం వానాకాలంలో మా బడి ఆవరణలోకి ఒక జెర్రిపోతు వచ్చింది. నేను పరుగెత్తుకొచ్చేసరికే తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని కర్రలతో కొట్టి చంపేశారు. అది విషం లేని పామనీ, ఎలుకలను తింటుందనీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికీ వర్తిస్తుందనీ మర్నాడు చెప్పాను. మొదట కర్ర ఎత్తిన పిల్లాడే లేచి, "ముందే చెప్తే కొట్టేవాళ్ళం కాదు కదా టీచర్" అన్నాడు.

ఆహారపు గొలుసు పాఠం అంతకు నెల ముందే అయిపోయిందండి. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బోర్డు మీద బాణాలు వేసి మరీ చెప్పాను. ఆ పామూ గోడ వారన పాకిన ఈ పామూ ఒకటేనని వాళ్ళకు తట్టలేదు. తప్పు నాదే అనిపించింది.

మా బడి నుంచి కంబాలకొండ కనిపిస్తుంది. 2002లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి సుమారు 70 చదరపు కిలోమీటర్లు. చిరుత, నక్క, దుప్పి, అడవిపంది అన్నీ అక్కడ ఉన్నాయి. మా పిల్లల్లో చాలామంది జూలో సింహాన్ని చూశారు. పక్కనే ఉన్న అడవిలో మాత్రం ఒక్కసారి కూడా నడవలేదు. ముడసర్లోవ చెరువు దగ్గర లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకి చేపను పట్టడం కూడా చూడలేదు.

అసలు నేను అడగదలచుకున్నది తాబేళ్ళ గురించి. ఏటా చలికాలం నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు ఆర్కే బీచ్, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ వైపు తీరాలకు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెడుతుంది. కుక్కల పాలు కాకుండా మీ సిబ్బంది, మత్స్యకారులు ఆ గుడ్లను ఏరి హేచరీల్లో, అంటే వాటిని భద్రంగా కాపాడే చోట్ల, ఇసుకలో పూడుస్తారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి అందులో ఆడవెన్నో మగవెన్నో తేలుతుంది. ఇది చెప్పినప్పుడు నా క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

వెనక బెంచీలో కూర్చునే ఒక జాలరి అబ్బాయి ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు. తల్లి తాబేలు పాకిన జాడ ఇసుకలో ట్రాక్టర్ టైరు జాడలా ఉంటుందనీ, వాళ్ళ తాత చీకట్లోనే గుర్తుపడతాడనీ చెప్పాడు. అది నాకూ తెలియదు. మిగతా పిల్లలు ఇంటర్వెల్లో వాడి చుట్టూ చేరారు.

ఆ ఏడు హేచరీకి తీసుకెళ్ళడానికి ఒక కార్యాలయంలో అర్జీ పెట్టాను. పిల్లల జాబితా అడిగారు, ఇచ్చాను. ఇంకో సంతకం కావాలన్నారు, తెచ్చాను. అనుమతి చేతికొచ్చేసరికి గుడ్లు పొదిగి పిల్లలు సముద్రంలోకి వెళ్ళిపోయాయి. బడికి వేసవి సెలవులు కూడా ఇచ్చేశారు.

అందుకే ఈ ఉత్తరం. సర్కారు బడులకు జనవరిలోనే, సీజన్ మొత్తానికి చెల్లేలా ఒకే అనుమతి ఇప్పించండి. తాబేలు పిల్లలు బయటపడే సూచనలు కనిపించగానే హేచరీ నుంచి టీచర్‌కు ఒక ఫోన్ వస్తే, తెల్లారేసరికి మేం అక్కడుంటాం. పదో తరగతికి మార్చిలో పరీక్షలు కాబట్టి ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళను తెస్తాను. బస్సు ఖర్చు కూడా చూడాలి, మా పిల్లల తల్లిదండ్రులు రోజు కూలీలు. అక్కడ వివరించి చెప్పే పని మత్స్యకార కుటుంబాల కుర్రాళ్ళకు అప్పగించి, దానికి జీతం ఇవ్వండి. వాళ్ళకు తెలిసినంత నాకు తెలియదు.

బీచ్ రోడ్డు దీపాల సంగతి కూడా మీ దృష్టికి తెస్తున్నాను. తాబేలు పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి. దీపాలు ఎక్కువైతే సముద్రం అనుకుని రోడ్డు వైపు వస్తాయి. ఆ నెలల్లో గూళ్ళున్న చోటైనా వాటిని తగ్గించమని నగరపాలక సంస్థతో మాట్లాడండి.

ఈ ఏడాది నా దగ్గర 42 మంది పిల్లల పేర్లు, వాళ్ళ అమ్మానాన్నల సంతకాలు సిద్ధంగా ఉన్నాయి. కొందరివి వేలిముద్రలు. ఆ జాలరి అబ్బాయి వాళ్ళ తాత కూడా వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
విశాఖపట్నం